పట్టు తెలిసిన విడుపు: ఒక జూడో క్రీడాకారుడి కేసు

తిరుపతిలో క్లినికల్ సైకాలజిస్టుగా పనిచేస్తున్న నేను ఈ కేసును రాసి పెట్టడానికి ఒక కారణం ఉంది. మొదటి ఐదు వారాల్లో నేను ఇచ్చిన చికిత్సే అతని బాధను పెంచింది. ఆ చికిత్స పాఠ్యపుస్తకాల్లో ఉన్నదే, చాలామందికి పనికివచ్చేదే. అది ఇతని విషయంలో ఎందుకు తిరగబడిందో అర్థం చేసుకోవడానికి నాకు ఒక జూడో శిక్షకుడి సహాయం, ఒక తల్లి నోట వచ్చిన మాట, రెండు సాయంత్రాలు మ్యాట్ పక్కన కూర్చోవడం అవసరమయ్యాయి. వయసు, చదువు, ఊరు, కుటుంబ వివరాలను ఆనవాలు దొరకకుండా మార్చాను. అతను, అతని శిక్షకుడు ఈ రాతప్రతిని చదివి ఒప్పుకున్న తరువాతే బయటపెడుతున్నాను.

నేపథ్యం

అతనికి అప్పుడు 24 ఏళ్ళు. చిత్తూరు పడమటి వైపు పల్లె నుంచి చదువు కోసం తిరుపతి వచ్చి, చదువు అయ్యాక ఇక్కడే ఉద్యోగంలో కుదురుకున్నాడు. పదకొండేళ్ళ వయసు నుంచి జూడో చేస్తున్నాడు. నిలబడి విసరడంలో కంటే నేల మీద పట్టులో అతనికి పేరు ఎక్కువ. కింద పడ్డా కంగారు పడకుండా, అవతలివాడి బరువు ఎటు ఒరుగుతుందో కనిపెట్టి, అటే జారి బయటపడేవాడని శిక్షకుడు చెప్పారు. అందరూ ఆయన్ని మాస్టర్ అనే పిలుస్తారు కనుక నేనూ అలాగే రాస్తాను.

నా దగ్గరికి మొదట వచ్చింది అతని తల్లి. "పండుకోడానికే భయపడతా ఉండాడు మేడమ్. కన్ను మూతపడే టయానికి లేసి కూచుంటాడు" అన్నది ఆమె ఫిర్యాదు. మరుసటి వారం ఒంటరిగా వచ్చిన కొడుకు, తలుపు వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించి అసలు సంగతి చెప్పాడు. ఎనిమిది నెలల క్రితం స్నేహితులతో పొరుగు రాష్ట్రంలోని ఒక కొండ ఊరికి వెళ్ళినప్పుడు, అక్కడ దొరికిన, మత్తు కలిగించే పుట్టగొడుగులను తిన్నాడు. వాటిలో ఉండే సైలోసిబిన్ శరీరంలో సైలోసిన్‌గా మారి, మెదడులోని సెరటోనిన్ 2ఎ గ్రాహకాల మీద పనిచేస్తుంది. సాధారణంగా అరగంట నుంచి గంటలోపు ప్రభావం మొదలై సుమారు ఆరు గంటల్లో తగ్గుతుంది. మన దేశంలో 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం, అంటే మాదకద్రవ్యాల నియంత్రణ చట్టం కింద సైలోసిబిన్ నిషిద్ధం. ఆ భయంతోనే అతను ఎనిమిది నెలలు ఎవరికీ చెప్పలేదు. గోప్యత అతని హక్కని, 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం దాన్ని గుర్తించిందని, ప్రాణాపాయం వంటి కొన్ని సందర్భాల్లో మాత్రం దానికి మినహాయింపు ఉంటుందని వివరించిన తరువాతే కొంచెం తేరుకున్నాడు.

సమస్య

ఆ రాత్రి "ట్రిప్", అంటే ఆ మత్తు అనుభవం, "చెడిపోయింది" అని మాత్రమే మొదట చెప్పాడు. తిరిగివచ్చిన మూడు వారాలకు, సాధనలో ఒక తోటి ఆటగాడు కెసా గతామె పట్టు వేసినప్పుడు మొదటిసారి ప్యానిక్, అంటే ఉన్నట్టుండి ముంచుకొచ్చే తీవ్రమైన భయం, వచ్చింది. ఈ పట్టులో పైవాడు పక్కగా కూర్చున్నట్టు ఒరిగి, కిందివాడి మెడ చుట్టూ ఒక చేయి వేసి, రెండో చేత్తో అతని చేతిని బిగించి, ఛాతీ మీద బరువు మోపుతాడు. పోటీలో అలా 20 సెకన్లు అదిమి ఉంచితే ఇప్పోన్, అంటే ఆట ముగిసినట్టే. అంతకు ముందు వందలసార్లు ఆ పట్టు నుంచి బయటపడ్డవాడు ఆ రోజు ఒళ్ళంతా బిగించి, గింజుకుని, నిమిషంలోపే అలసిపోయి, మ్యాట్ అంచుకు వెళ్ళి వాంతి చేసుకున్నాడు. తరువాత అదే భయం నిద్రలోకి జారే క్షణానికీ, మంగలి కుర్చీలో తల వెనక్కి వాల్చడానికీ, కిక్కిరిసిన బస్సుకూ పాకింది.

ముందుగా మానసిక వైద్యుడి దగ్గరికి పంపాను. సైలోసిబిన్ లాంటి సైకెడెలిక్ పదార్థాల వాడకం తరువాత వచ్చే ఆందోళనను నేరుగా ప్యానిక్ అని ఖాయం చేసుకోకూడదు. సైకోసిస్ (వాస్తవంతో సంబంధం తెగిపోయే స్థితి) లక్షణాలు, కుటుంబంలో అలాంటి చరిత్ర, చూపులో నిలిచిపోయిన మార్పులు ఉన్నాయేమో ముందు తేల్చుకోవాలి. అవేవీ లేవు. థైరాయిడ్ పరీక్ష, ఈసీజీ మామూలుగానే ఉన్నాయి. మందు అవసరమా అన్నది కొన్ని వారాలు చూసి నిర్ణయిద్దామని ఆయన అన్నారు.

నేను చేసిన మొదటి పని

అతని మెడ, దవడ రాయిలా ఉండేవి. ఉదయం లేచేసరికి పిడికిళ్ళు బిగుసుకుని ఉండేవి. బిగిసిన శరీరాన్ని సడలించాలన్నది ఎవరికైనా తట్టే ఆలోచన. నాకూ అదే తట్టింది. శవాసనాన్ని పోలిన పద్ధతిలో, పాదాల నుంచి తల వరకు ఒక్కొక్క భాగాన్నీ గమనిస్తూ వదిలేసే సాధన మొదలుపెట్టాను. మొదటి రోజు నాలుగు నిమిషాలు ఓర్చుకున్నాడు. రెండో రోజు "భుజాలను పూర్తిగా వదిలేయండి" అని నేను అనగానే దిగ్గున లేచి నిలబడి, గోడకు వీపు ఆనించి, చెమటతో తడిసిపోయాడు.

సడలింపు సాధనే కొందరిలో ఆందోళన పుట్టిస్తుందని 1980ల నుంచే పరిశోధకులు రాస్తూ వస్తున్నారు. అది నాకు తెలియని విషయం కాదు. కానీ నేను దాన్ని అలవాటు లేకపోవడం వల్ల కలిగే తాత్కాలిక ఇబ్బందిగా లెక్కగట్టి, సాధన పెంచితే సర్దుకుంటుందని అనుకున్నాను. నా గొంతుతోనే ఇరవై నిమిషాల ఆడియో రికార్డు చేసి, రాత్రిపూట వినమని ఇచ్చాను. క్రీడాకారులతో ఒక చిక్కు ఉంది: చెప్పినది చెప్పినట్టు చేస్తారు, నొప్పి వచ్చినా ఆపరు. అతను తొమ్మిది రాత్రులు వరుసగా విన్నాడు. ఐదో వారానికి నిద్ర మూడు గంటలకు పడిపోయింది. ఆ వారం అతను అన్న ఒక వాక్యాన్ని నా నోట్సులో యథాతథంగా రాసుకున్నాను: "నాకు ఇక్కడ కూడా వదిలేయడం చేతకావడం లేదు మేడమ్." ఆ "కూడా" అన్న మాట కింద గీత గీసి ఉంది. గీశాను గానీ, మరెక్కడ చేతకాలేదని అడగలేదు.

ఆడియో మానేయమని చెప్పి దారి మార్చాను. ప్యానిక్‌లో గుండె దడను గుండెపోటుగా, తల తిరుగుడును మతిభ్రమగా తప్పుగా చదువుకోవడమే భయాన్ని పెంచుతుందని మనస్తత్వవేత్త డేవిడ్ క్లార్క్ 1986లో ప్రతిపాదించిన నమూనా ప్రకారం పని మొదలుపెట్టాము. ఉన్నచోటే పరుగెత్తించి గుండె దడ తెప్పించడం, కుర్చీలో గిర్రున తిప్పడం, సన్నని గొట్టంతో ఊపిరి పీల్పించడం వంటివి చేయించాను. ఇవి ఉపయోగపడ్డాయి. బస్సు ఎక్కగలిగాడు, మంగలి దగ్గరికి వెళ్ళగలిగాడు. కానీ నిద్రా, మ్యాటూ కదలలేదు. గుండె దడకు భయపడనివాడు పట్టుకు ఎందుకు భయపడుతున్నాడన్నది నాకు అంతుపట్టలేదు.

అదే సమయంలో మాస్టర్ తనకు తెలిసిన వైద్యం చేస్తున్నారు. బరువైన ఆటగాడిని పైన పడుకోబెట్టి "లూజ్‌గా ఉండు, లూజ్!" అని అరిచేవారు. ఆ అరుపు విన్నప్పుడల్లా అతని ఒళ్ళు మరింత కర్రలా మారేదని తరువాత తెలిసింది. ఒకరికి తెలియకుండా ఒకరం, ఒకే తప్పును రెండు చోట్ల చేస్తున్నాము.

మ్యాట్ పక్కన తెలిసినది

అతని అనుమతితో మాస్టర్‌ను కలిశాను. "లూజ్" అంటే ఏమిటని అడిగితే ఆయన తన జూడో కోటు కాలరు నా చేతికిచ్చి పట్టుకోమన్నారు. నేను అయిదు వేళ్ళతో, మోచేయి బిగించి పట్టుకున్నాను. ఆయన ఒక్క అడుగు పక్కకు వేసేసరికి నేను మొత్తంగా, ఒక మొద్దులాగా, ఆయన వెంట కదిలాను. తరువాత చిటికెన వేలు, ఉంగరం వేలితో గట్టిగా పట్టి, మణికట్టు, మోచేయి మెత్తగా ఉంచమన్నారు. ఈసారి ఆయన కదలిక నా చేతి దాకా వచ్చి ఆగింది. చేయి బిగించినప్పుడు మోచేతిని వంచే కండరమూ చాచే కండరమూ ఒకేసారి పనిచేస్తాయి. బలం రెండు వైపులా ఖర్చవుతుంది, కదలిక మాత్రం పుట్టదు. అక్కరలేని కండరాన్ని ఊరుకోబెట్టడమే ఆయన చెప్పే లూజ్. పట్టు ఉన్నచోట పట్టు ఉండాల్సిందే.

జూడోను 1882లో నెలకొల్పిన జిగోరో కానో ఈ సంగతిని అంకెలతో వివరించేవాడు. నా బలం ఏడు, అవతలివాడిది పది అయితే ఎదురు నెట్టి గెలవలేను. అతను నెట్టినప్పుడు వెనక్కి తగ్గితే అతను తూలిపోతాడు, అప్పుడు అతని పదిలో మూడే మిగులుతుంది, నా ఏడు అతన్ని పడగొట్టడానికి చాలు. ఇది అందరూ చెప్పేదే. అయితే తగ్గడం ఒక్కటే అన్నిటికీ సమాధానం కాదని, వెనుక నుంచి వాటేసుకున్నవాడి దగ్గర తగ్గితే ప్రయోజనం లేదని కూడా కానోయే చెప్పాడు. అందుకే బలాన్ని సద్వినియోగం చేయడం అన్న మరింత విశాలమైన సూత్రాన్ని ముందుకు తెచ్చాడు. మాస్టర్ ఈ రెండో సంగతి చెప్పినప్పుడు నేను నోట్సు పుస్తకం తీశాను. పతంజలి కూడా ఆసనానికి స్థిరం, సుఖం అని రెండు లక్షణాలు చెప్పి, ఆ తరువాతి సూత్రంలోనే ప్రయత్న శైథిల్యం, అంటే ప్రయత్నాన్ని సడలించడం, మాట ఎత్తాడు. మన ఊళ్ళో యోగా తరగతులకు కొదవ లేదు గానీ, ఆ వరుసను పట్టించుకునేవాళ్ళు తక్కువ. నేనూ పట్టించుకోలేదు.

ఎనిమిదో సెషన్‌లో అతన్ని, కెసా గతామెలో తనకు ఏమవుతుందో ఒక దిండు మీద చూపించమన్నాను. చేయి మెడ కిందికి పోనిచ్చి సరిగ్గానే మొదలుపెట్టాడు. కొద్ది క్షణాల్లో అతని రెండు అరచేతులూ దిండు పైభాగాన్ని, అంటే భుజాలుండే చోటును, నిటారుగా అదమసాగాయి. అప్పటికి రెండు సాయంత్రాలు సాధన చూసి ఉన్నాను కనుక అడగగలిగాను: "ఇది జూడో పట్టు కాదు కదా?"

చాలాసేపు మాట్లాడలేదు. తరువాత చెప్పాడు. ఆ రాత్రి లాడ్జి గదిలో, శరీరం కరిగిపోతున్నట్టు అనిపించి, భయపడి, బయటికి పోవాలని లేచాడు. బయట బాల్కనీ ఉంది. ఇద్దరు స్నేహితులు అతన్ని మంచం మీద పడేసి, భుజాలు అదిమిపట్టి, "రెసిస్ట్ చెయ్యొద్దురా, వదిలెయ్, వదిలెయ్" అంటూ ఉండిపోయారు. ఎంతసేపో అతనికి తెలియదు. "ఆపండి" అని అన్నాడో, అనుకున్నాడో కూడా తెలియదు. తిరిగి వచ్చాక ఇంటర్నెట్‌లో వెతికితే, ఎదిరిస్తేనే ట్రిప్ చెడుతుందని, లొంగిపోయినవాళ్ళకు మంచి అనుభవం కలుగుతుందని కనిపించింది. తను వదిలేయలేకపోవడం వల్లే అంతా పాడైందని తీర్మానించుకున్నాడు. నేను ఐదు వారాల పాటు మెత్తని గొంతుతో అతనికి వినిపించింది అదే మాట. ఆడియోలో "వదిలేయండి" ఎన్నిసార్లు వచ్చిందో ఆ రాత్రి ఇంట్లో లెక్కపెట్టాను. ముప్పై ఒకటి.

దారి మార్చిన ఆలోచన

మొదట తేల్చవలసింది, ఆ రాత్రి అతను ఎదిరించడం తప్పా అన్న ప్రశ్న. "నమ్ము, వదిలెయ్, తెరుచుకో" అన్న అర్థం వచ్చే సూచనను సైలోసిబిన్ పరిశోధనల్లో వాడిన మాట నిజమే. అయితే 2006లో ప్రచురితమైన, అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయ అధ్యయనంలో, కుటుంబంలో సైకోసిస్ చరిత్ర ఉన్నవారిని ముందే వడపోసి, తోడుండే వ్యక్తితో మందుకు ముందే నాలుగు విడతల్లో ఎనిమిది గంటల పరిచయం కల్పించి, కొలిచిన మోతాదు ఇచ్చి, ఇద్దరు శిక్షణ పొందినవారు రోజంతా పక్కనే ఉన్నారు. వదిలెయ్ అన్న మాటకు ముందు అంత పట్టు కట్టారు. లాడ్జి గదిలో మోతాదు తెలియదు, తోడున్నవారూ అదే మత్తులో ఉన్నారు. అలాంటి చోట ఒళ్ళు బిగుసుకోవడం శరీరం చేసిన సబబైన పనే. ఈ మాట చెప్పినప్పుడు అతను ఏడ్చాడు. స్నేహితుల్ని దోషులుగా నిలబెట్టడం నా ఉద్దేశం కాదని కూడా చెప్పాను; బాల్కనీ మాట తలచుకుంటే, వాళ్ళు పట్టుకోవడం వల్లే అతను బతికి ఉండవచ్చు. ఈ రెండూ ఒకేసారి నిజం కావడం అతనికి మింగుడుపడటానికి మరికొన్ని వారాలు పట్టింది.

రెండో సూత్రం అతని తల్లి ఇచ్చారు. పుట్టగొడుగుల సంగతి ఆమెకు అప్పటికీ తెలియదు. ఒకరోజు కొడుకును దింపడానికి వచ్చి, నిట్టూర్చి ఇలా అన్నారు: "గ్రహణానికైనా పంచాంగంలో పట్టు, విడుపు టయాలు రాసుంటారు మేడమ్. వీడికి పట్టుకుంటే ఎప్పుడు విడుస్తాదో తెలీదు." గ్రహణం పూట గుడి తలుపులు మూయడం, విడుపు స్నానం చేయడం ఈ ప్రాంతంలో ప్రతి ఇంటికీ తెలుసు. ఎప్పుడు విడుస్తుందో ముందే తెలిస్తే పట్టు ఓర్చుకోదగినదవుతుంది. జూడోలో ఆ ఏర్పాటు ఎప్పటి నుంచో ఉంది: రెండుసార్లు తడితే చాలు, లేదా "మైట్టా" (ఒప్పుకున్నాను) అంటే చాలు, పైవాడు ఆ క్షణమే వదలాలి. ఆ రాత్రి అతనికి లేనిది అదే. అలాంటప్పుడు అతనికి ముందు నేర్పవలసింది సడలడం కాదనీ, ఆపించగలగడమనీ నిర్ణయించుకున్నాను.

పనిచేసినది

నా గదిలో, అతన్ని తీవ్రంగా కలవరపెట్టిన ఆడియో పాఠాన్నే కాగితం మీద నుంచి చదివాను. అతని పని వినడం కాదు, తనకు తోచిన చోట "ఆపండి" అనడం. అనగానే వాక్యం మధ్యలోనే ఆపేసేదాన్ని. మొదటి రోజు పన్నెండుసార్లు ఆపాడు. చివరి రెండు మూడుసార్లు, భయం లేకపోయినా, కేవలం ఆపించడంలోని తృప్తి కోసం ఆపాడని నవ్వుతూ ఒప్పుకున్నాడు. అతను నవ్వడం నేను చూసింది అప్పుడే మొదటిసారి.

తరువాత ఎడ్మండ్ జాకబ్‌సన్ 1920లలో రూపొందించిన క్రమ సడలింపు పద్ధతికి వెళ్ళాము. ఇందులో ముందు కండరాన్ని బిగించి, ఆ బిగువును బాగా గుర్తుపట్టి, తరువాత వదులుతారు. ఇదీ సడలింపే గనుక మళ్ళీ తిరగబడుతుందేమోనని సంకోచించాను. తేడా ఎక్కడుందంటే, వదిలే క్షణాన్ని ఇక్కడ అతనే ఎంచుకుంటాడు, అదీ తాను స్వయంగా పట్టిన పట్టునే వదులుతాడు. భుజాలను చివరికి వాయిదా వేసి, పిడికిలితో మొదలుపెట్టాము. కళ్ళు మూసుకోవడం తప్పనిసరి చేయలేదు.

అతనికి అలిపిరి మెట్ల దారిలో వారానికోసారి నడిచే అలవాటు ఉంది. దాన్ని వాడుకున్నాను. ఆ దారిలో నిటారుగా ఉండే మోకాళ్ళ పర్వతం దగ్గర దిగేటప్పుడు తొడ ముందు కండరం ఏం చేస్తుందో గమనించి రమ్మన్నాను. దిగేటప్పుడు ఆ కండరం సాగుతూనే బరువును పట్టి ఉంచుతుంది. పూర్తిగా వదిలితే మోకాలు ముడుచుకుని పడతాము, పూర్తిగా బిగిస్తే అడుగే దిగదు. "ఎక్కడంలో కంటే దిగడంలోనే తొడలు పీకుతాయని తెలుసు గానీ, ఎందుకో ఎప్పుడూ ఆలోచించలేదు" అన్నాడు. పట్టు, విడుపు ఒకదాని తరువాత ఒకటి రావడమే కాదు, ఒకే కండరంలో ఒకే సమయంలో ఉంటాయని అతనికి నేను మాటలతో చెప్పి ఉంటే ఇంత బాగా ఎక్కేది కాదు.

మ్యాట్ మీది పనిని మాస్టర్, నేను కలిసి రాసుకున్నాము. మొదటి రోజు భుజం మీద ఒక చేయి, తట్టగానే తీసివేత, అంతే. తరువాత కెసా గతామె, బరువు వేయకుండా, అయిదు సెకన్లు, సెకన్లను మాస్టర్ పైకి లెక్కపెడుతూ. అవసరం లేకపోయినా తట్టమన్నాము, ఎందుకంటే భయం పెరిగాకే తట్టడం అలవాటైతే తట్టడమే భయానికి గుర్తుగా మారుతుంది. మూడో వారంలో కొంత బరువు, పది సెకన్లు. ఆ తరువాత ఎదిరించమన్నాము, కానీ బలంలో మూడో వంతుతోనే. నడుము ఎత్తి వంతెనలా లేవడం, అవతలివాడి బరువు కదిలిన వైపుకు జారడం. ఈ మెట్టు దగ్గర మా ఇద్దరికీ భేదాభిప్రాయం వచ్చింది. ఇంకా పూర్తిగా ఊరుకోవడం అలవాటు కానివాడికి ఎదిరింపు నేర్పితే పాత గింజులాట తిరిగివస్తుందని మాస్టర్ భయం. కొలత ఉన్న ఎదిరింపు చేతిలో ఉంటేనే అతను ఊరుకోగలడని నా వాదన. నా మాటే నెగ్గింది గానీ, మొదటి ప్రయత్నంలో ఆయన భయమే నిజమైంది; నాలుగో ప్రయత్నంలో అతని పాత జారుడు ఒక్కసారి కనిపించింది.

మధ్యలో ఒక ఎదురుదెబ్బ తగిలింది. ఏమీ తెలియని కొత్త కుర్రాడు పైనుండి సరదాగా "వదిలెయ్ అన్నా" అన్నాడు. ఇతను తట్టడం కూడా మరిచి బిగుసుకుపోయాడు. మాటను తప్పించి తిరగడం కుదరదని అర్థమైంది. తరువాతి రెండు సెషన్లలో ఆ మాటనే నేను, మాస్టర్, చివరికి అతనే, రకరకాల గొంతుల్లో అంటూ ఉంటే అతను తట్టి ఆపించడం సాధన చేశాము. అద్దం ముందు తనకు తానే "వదిలెయ్" అని, వెంటనే "వదలను" అని బదులివ్వడం అతని సొంత ఆలోచన. అదే అన్నిటికంటే ఎక్కువగా పనిచేసిందని అతని అభిప్రాయం.

ఈ కేసు తరువాత నా పద్ధతిలో రెండు మార్పులు చేసుకున్నాను. ఎవరికైనా సడలింపు నేర్పే ముందు, నేను వాడబోయే మాటల్ని వరుసగా చదివి వినిపించి, వీటిని ఇంతకు ముందు ఎవరి నోట, ఏ స్థితిలో విన్నారని అడుగుతున్నాను. ఎప్పుడైనా ఆపించవచ్చని ఊరికే చెప్పకుండా, మొదటి పది నిమిషాల్లోనే ఒకటి రెండుసార్లు ఆపించి చూపిస్తున్నాను. మరో విషయంలో మాత్రం నాకు ఇంకా తేలలేదు. నేను మొదటి వారంలోనే మ్యాట్ దగ్గరికి వెళ్ళి ఉంటే ఆ దిండు ఘట్టం ముందే వచ్చేదా, లేక నా గది మీద అతనికి నమ్మకం కుదరడానికి ఎనిమిది సెషన్లు ఎలాగూ పట్టేవా అన్నది. ప్యానిక్ చికిత్స ఉత్త దండగ అని కూడా అనలేను. బస్సు ఎక్కలేనివాడు సాధనకు రానేలేడు.

మొత్తం ఇరవై రెండు సెషన్లు అయ్యాయి. మందు అవసరం పడలేదు. తల్లికి ఆ రాత్రి సంగతి అతనే చెప్పాడు; ఆమె ఏమన్నారో నాకు చెప్పలేదు, నేను అడగలేదు. ఆరు నెలల తరువాత ఒకసారి పలకరించడానికి వచ్చినప్పుడు నిద్ర గురించి అడిగితే అదొక విషయమే కానట్టు తల ఊపి, ముందు వారం ఆడిన పోటీ గురించి మొదలుపెట్టాడు. కెసా గతామెలో దొరికిపోయాడట. తట్టలేదు, రెండుసార్లు వంతెన వేశాడు, రెండోసారి దాదాపు బయటపడ్డాడు, అంతలో 20 సెకన్లు అయిపోయాయట. "నా నడుము లేచాక కూడా పట్టు ఉన్నట్టే లెక్కపెట్టారు మేడమ్, అది అన్యాయం" అని పది నిమిషాలు వాదించాడు. మాస్టర్ ఆ వీడియో చూసి, లెక్క సరిగ్గానే ఉందన్నారట. అందుకు ఆయన మీద కూడా కోపంగా ఉన్నాడు.